పాల క్యానుకు దూరం ఎంత?
కిలోమీటర్లు కాదు, నిమిషాలు లెక్కించండి



ఆ మధ్య ఒక సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక యువ సభ్యుడు నన్ను ఇలా అడిగాడు: "ఇనస్పెక్టరుగారూ, గన్నవరంలో విమానం ఎక్కితే గంటలో హైదరాబాదులో దిగుతున్నారు. మన పాలు పదిహేను కిలోమీటర్లు పోవడానికి మూడు గంటలు ఎందుకండీ?" సభలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అది మంచి ప్రశ్న. దానికి జవాబు తెలియకనే మన సంఘాలలో ఎంతో పాలు విరిగిపోతున్నాయి. ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబుగా వ్రాస్తున్నాను.

విమానం లెక్క

ముందు ఆ గంట సంగతి చూద్దాం. ఏలూరు నుండి ఒక పెద్దమనిషి హైదరాబాదులో పని మీద విమానంలో బయలుదేరాడనుకోండి. ఇంటి నుండి గన్నవరం చేరడానికి ఒక గంట. విమానం లేచే వేళకు రెండు గంటల ముందే అక్కడ ఉండాలి. గాలిలో ఒక గంట. శంషాబాదులో దిగి, పెట్టె తీసుకొని బయటకు రావడానికి అరగంట. అక్కడి నుండి ఊళ్ళోకి ఇంకొక గంట. మొత్తం అయిదున్నర గంటలు. కారులో పోతే దారి సుమారు 330 కి.మీ., ఆరు, ఆరున్నర గంటల ప్రయాణం. అంత వేగంగా పోయే విమానం ఎక్కినందుకు మిగిలింది అరగంట, మహా అయితే ఒక గంట మాత్రమే.

కారణం ఏమిటి? ఏ ప్రయాణానికైనా నాలుగు భాగాలు ఉంటాయి.

1. ఎక్కే చోటికి చేరడం
2. అక్కడ వేచి ఉండడం
3. కదలడం
4. దిగిన చోట మళ్ళీ వేచి ఉండడం

మనం సాధారణంగా మూడవ భాగాన్నే ప్రయాణమంటాము. మిగిలిన మూడింటినీ లెక్కలోకి తీసుకోము. మనిషి విషయంలో ఈ పొరపాటు వల్ల కాస్త విసుగు తప్ప నష్టం లేదు. పాల విషయంలో అట్లా కాదు. మనిషి వేచి ఉన్నా మనిషిగానే ఉంటాడు, పాలు వేచి ఉంటే పాలుగా మిగలవు.

పటం మీద దూరం, నేల మీద దూరం

పాల రూటు వేసేవారు సామాన్యంగా పటం ముందు పెట్టుకొని స్కేలుతో కొలుస్తారు. ఇది ఎంతవరకు నమ్మదగినదో మన ప్రాంతంలోనే రెండు ఉదాహరణలు చూడండి.

మొదటిది ఏలూరు, తాడేపల్లిగూడెం. పటం మీద గీత గీస్తే సుమారు 46 కి.మీ. రైలు దారి దానికి కిలోమీటరో, రెండో ఎక్కువ. గుండుగొలను, భీమడోలు, పూళ్ళ, కైకరం, ఉంగుటూరు మీదుగా పోయే రోడ్డు దారి 50 కి.మీ.కు అటూ ఇటూ. అంటే గీతకూ, రోడ్డుకూ పెద్ద తేడా లేదు. మెరకకూ పల్లానికీ నడుమ రోడ్డు, రైలు, ఏలూరు కాలువ మూడూ ఇంచుమించు పక్కపక్కనే సాగుతాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గూడెంలో విమానాల కోసం రన్‌వే వేశారు. నేడు అక్కడ నుండి ఏలూరుకు విమానం నడిపినా, పైన చెప్పిన నాలుగు భాగాలు కలిపితే బస్సు కంటే ఆలస్యమే అవుతుంది.

రెండవది ఏలూరు, కైకలూరు. పటం మీద గీత సుమారు 21 కి.మీ. మాత్రమే, అంటే గూడెం దూరంలో సగం కూడా లేదు. కాని మధ్యలో కొల్లేరు ఉన్నది. రైలులోనే పోతామంటే విజయవాడ, గుడివాడ చుట్టి సుమారు 130 కి.మీ. పోవాలి. గీతకు ఆరు రెట్లు! చెరువులోంచి వేసిన రోడ్డు ఉన్నది గాని, వరద వస్తే దానికీ భరోసా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు చిన్న ఎడ్లగాడి వద్ద ఆ రోడ్డు మీద నీరు పారి రాకపోకలు నిలిచిపోయాయి.

ఆటపాక చెరువులో గూడు పెట్టే గూడబాతుకు ఈ చిక్కు లేదు. అది గీత గీసినట్టే పోగలదు. మన పాల క్యానుకు రెక్కలు లేవు. కనుక కొల్లేటి లంకలలో, గట్ల మీద పటం చెప్పే దూరాన్ని నమ్మి రూటు వేయడం ప్రమాదం.

గడియారం ఎందుకు ముఖ్యం?

పొదుగు నుండి వచ్చిన పాలు సుమారు 37, 38 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉంటాయి. సూక్ష్మజీవులు పెరగడానికి అంతకన్న అనువైన వేడి లేదు. పితికిన తరువాత సుమారు రెండు గంటల వరకు పాలలో సహజంగా ఉండే శక్తి ఈ జీవుల పెరుగుదలను కొంత అడ్డుతుంది. పాత్ర మురికిగా ఉంటే ఆ అడ్డు కూడా నిలవదు. ఆ తరువాత వెచ్చని పాలలో అవి అరగంటకొకసారి రెట్టింపు అవుతాయనుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

ఒక గంటకు 4 రెట్లు
రెండు గంటలకు 16 రెట్లు
మూడు గంటలకు 64 రెట్లు
నాలుగు గంటలకు 256 రెట్లు

చూడండి, అదనపు గంట అంటే మరికొంచెం నష్టం కాదు, నాలుగు రెట్ల నష్టం. ఈ జీవులు పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం హద్దు దాటిన పాలు కాచగానే విరుగుతాయి. శీతలీకరణ కేంద్రంలో చేసే "కాచి చూచే పరీక్ష" ఇదే. గాజు గొట్టంలో కాసిని పాలు పోసి మరిగే నీటిలో అయిదు నిమిషాలు ఉంచుతారు. గడ్డలు కట్టితే ఆ క్యాను తిరస్కరిస్తారు.

అదే పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే జీవుల పెరుగుదల చాలా మందగిస్తుంది. కనుక పాలకు అసలు దూరం పొదుగు నుండి చల్లదనం వరకు ఉన్న దూరమే. ఆ తరువాత దూరం అంతగా బాధించదు. దీనికి మన రాష్ట్రంలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ రేణిగుంట నుండి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు "దూద్ దురంతో" అనే ప్రత్యేక పాల రైలు మొదలయింది. ఒక్కొక్కటి 40,000 లీటర్ల ట్యాంకర్లతో సుమారు 2,300 కి.మీ. దూరాన్ని దాదాపు 30 గంటలలో దాటింది. చల్లబడిన పాలు ఢిల్లీ దాకా పోయాయి. చల్లబడని పాలు కొల్లేటి గట్టు దాటేలోపే విరిగిపోతాయి.

1969లో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం నెలకొన్న తరువాత ఈ జిల్లాలలో పాల సేకరణ విస్తరించింది. 1974లో రాష్ట్రంలో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. అప్పటి నుండి శీతలీకరణ కేంద్రాలు, ఇటీవల గ్రామాలలో బల్క్ కూలర్లు వచ్చాయి. వీటన్నింటి ఉద్దేశం ఒక్కటే. పాలను చల్లదనం దగ్గరకు తీసుకుపోవడమే కాక, చల్లదనాన్ని పాల దగ్గరకు తేవడం.

నేను చేసిన పొరపాటు

ఇది చెప్పడానికి కొంత సిగ్గుగా ఉన్నది. అయినా తోటి ఉద్యోగులకూ, కార్యదర్శులకూ ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను. ఊరి పేరు అవసరం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల మాట. సహకార డిప్లొమాలో మాకు జమాఖర్చులు, చట్టం, ఆడిట్ బాగా నేర్పారు. క్యాను ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు. ఒక కొల్లేటి లంక సంఘం పాలు వరుసగా పదిహేను రోజులలో తొమ్మిది రోజులు విరిగాయి. నన్ను విచారణకు పంపారు. నేను వెళ్ళి లెక్కలు చూశాను, క్యాన్లు చూశాను. పటం మీద స్కేలు పెట్టి చూస్తే ఆ లంక కేంద్రానికి మిగతా సంఘాల కంటే అంత దూరంగా కనిపించలేదు. కనుక దూరం కారణం కాదని తేల్చి, "సభ్యుల అపరిశుభ్రత వల్ల పాలు విరుగుచున్నవి, పరిస్థితి మారనిచో సంఘాన్ని రూటు నుండి తొలగించవచ్చును" అని నోటు వ్రాశాను.

ఆ మాట లంకలో తెలిసింది. మరునాడు ఒకే గేదె ఉన్న ఒక మామ్మగారు నా ముందుకు వచ్చి, కడిగి బోర్లించిన తన పాల తపేలా తెచ్చి చూపించారు. "వాసన చూడండి బాబూ. ఇందులో ఏ తప్పుందో చెప్పండి. పాలు విరిగిన రోజున మా ఇంట్లో బియ్యానికి డబ్బుల్లేవు. తప్పు నా గేదెదా, మీ బండిదా?" అన్నారు. తపేలాలో ఏ వాసనా లేదు. నా దగ్గర జవాబూ లేదు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ లంకలో నిలబడి, చేతి గడియారం చూస్తూ, ఒక క్యానుతో పాటు కేంద్రం దాకా ప్రయాణం చేశాను. నా నోటుబుక్కులో వ్రాసుకొన్నది ఇది:

4-30: మొదటి గేదె పితుకుడు
5-15: సంఘం వద్ద కొలత, శాంపిల్ పూర్తి (45 నిమిషాలు)
5-30: దోనె కదిలింది (వేచినది 15)
6-20: గట్టు చేరింది (50)
7-00: బండి వచ్చింది (వేచినది 40)
8-50: కేంద్రం చేరింది (110, అందులో చక్రం తిరిగినది 40, ఆరు సంఘాల వద్ద ఆగినది 70)
9-25: డాక్ మీద దింపి, చల్లబరచే యంత్రంలోకి (వేచినది 35)

మొత్తం 295 నిమిషాలు, అంటే అయిదు నిమిషాలు తక్కువ అయిదు గంటలు. ఇందులో కొలతకు 45 తీసివేయండి. క్యాను కదిలినది 90 నిమిషాలు. క్యాను ఊరికే నిలబడినది 160 నిమిషాలు! గట్టు మీద, బండిలో, డాక్ ముందు. గుర్రపుడెక్క అడ్డుపడిన రోజున గెడ వేసే మనిషికి ఇంకొక అరగంట పట్టేదని తరువాత తెలిసింది.

బండి ఖాళీగా గట్టుదాకా వచ్చి, లంక క్యాన్లు ముందు ఎక్కించుకొని, తిరుగుదారిలో మిగతా సంఘాల పాలు తీసుకొనేది. అంటే అందరికంటే ముందు పితికిన పాలు, అందరికంటే ఎక్కువసేపు బండిలో ఎండకు తిరిగేవి. ఆ రూటు వేసిన కాగితం మీద తనిఖీ సంతకం నాదే.

సరిదిద్దిన విధానం

ఆ వారంలో ఏడు సంఘాల కార్యదర్శులను ఒకచోట కూర్చోబెట్టాము. బండి ఒక గంట ముందుగా, 5-15కు కేంద్రం నుండి కదలాలి. పోయేటప్పుడే దారిలోని ఆరు సంఘాల పాలు ఎక్కించుకోవాలి. చివరగా లంక పాలు ఎక్కించుకొని ఎక్కడా ఆగకుండా తిరిగి రావాలి. ఇదీ ప్రతిపాదన.

దారిలోని సంఘాలవారు వెంటనే ఒప్పుకోలేదు. "మా పాలు ఇప్పుడు బాగానే ఉన్నాయి. లంకవాళ్ళ కోసం మేము తెల్లవారుజామున లేవాలా?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. అప్పుడు వారి క్యాను లెక్క కూడా కట్టి చూపించాము. మొదటి సంఘంలో 4-45కు పితికి, 5-30కు ఎక్కించిన పాలు 7-20కి చల్లబడతాయి. 155 నిమిషాలు. మూడు గంటల లోపే. వారికి నిద్ర అరగంట తగ్గుతుంది గాని పాలు చెడవు. లంకవారికి పాలు నిలుస్తాయి. చివరకు ఒక పెద్దాయన లేచి, "సంఘమన్నాక దగ్గరివాడు కాస్త ముందు లేస్తేనే దూరపువాడు నిలుస్తాడు" అన్నారు. దానితో తీర్మానం అయింది.

ప్రతి సంఘం వద్ద క్యాన్లు ముందుగానే రోడ్డు పక్కన, చీటీ కట్టి, సిద్ధంగా ఉంచారు. ఆగే సమయం ఒక్కొక్క చోట అయిదు నిమిషాలకు తగ్గింది. కొత్త లెక్కలో లంక క్యాను ప్రయాణం ఇలా అయింది:

కొలత వరకు 45, దోనె కోసం 5, నీటి మీద 50, గట్టు మీద వేచి బండికి ఎక్కించడం 15, ఆగకుండా కేంద్రానికి 40, డాక్ వద్ద 15. మొత్తం 170 నిమిషాలు.

పటం మీద ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. దోనె వేగం పెరగలేదు. కొత్త రోడ్డు వేయలేదు. అయినా లంక కేంద్రానికి 125 నిమిషాలు దగ్గరైంది. రెట్టింపు లెక్కలో చూస్తే రెండు గంటలంటే 16 రెట్లు. ఆ నెలలో ఆ సంఘం పాలు మళ్ళీ విరగలేదు. నేను నా పాత నోటును రద్దు చేయవలసిందిగా వ్రాసి, మామ్మగారికి స్వయంగా వెళ్ళి చెప్పాను. "ఇంకనన్నా ముందు బండిని చూసి, తరవాత గేదెను చూడండి బాబూ" అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ ప్రతి తనిఖీలోనూ పాటిస్తున్నాను.

ప్రతి సంఘం చేయవలసిన పనులు

1. కాలపు చీటీ. నెలకొకసారి, ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట ఒక క్యానును ఎంచుకోండి. పితికిన వేళ, కొలిచిన వేళ, ఎక్కించిన వేళ, చేరిన వేళ, చల్లబడిన వేళ వ్రాయండి. "కదిలినది", "నిలబడినది" అని రెండు గళ్ళు వేయండి. రెండవ గడిని తగ్గించడమే మీ పని.

2. మొదటి పితుకుడు నుండే లెక్క. చాలామంది బండి ఎక్కిన క్షణం నుండి లెక్కిస్తారు. అది పొరపాటు. అందరికంటే ముందు పితికిన సభ్యుని పాలే ముందు చెడతాయి. కొలత వేళను కుదించండి. గంటన్నర పాటు సాగే సేకరణను ముప్పావు గంటకు తేవచ్చు.

3. చివరివారి పాలు చివరగా ఎక్కించండి. దూరపు సంఘం పాలు ముందు ఎక్కించి ఊరూరా తిప్పరాదు.

4. నీడ, తడి గోనె. క్యాన్లు ఎండలో నిలబెట్టకండి. తడిపిన గోనెపట్టా కప్పండి. ఇది చల్లబరచడానికి బదులు కాదు, వేడి ఎక్కకుండా కాపు మాత్రమే.

5. వరద చీటీ వేరు. కొల్లేటి ప్రాంత సంఘాలు వేసవికి ఒకటి, వానకాలానికి ఒకటి, రెండు కాలపు చీటీలు ఉంచుకోవాలి. తమ్మిలేరు, బుడమేరు పొంగితే ఏ దారిన పోవాలో, ఎంతసేపు పడుతుందో ముందే పాలకవర్గంలో తీర్మానించండి. కొల్లేరు అయిదవ కాంటూరు వద్ద ఒక తీరు, పదవ కాంటూరు వద్ద సుమారు 901 చదరపు కిలోమీటర్లు పరచుకొనే సముద్రం.

6. బల్క్ కూలరు ఎక్కడ? పటం మీద నట్టనడుమ ఊరిలో కాదు. అన్ని సంఘాల కాలపు చీటీలు ముందు పెట్టుకొని, అందరికంటే ఎక్కువ నిమిషాలు పట్టే సంఘానికి ఏ చోట పెడితే మూడు గంటల లోపు చేరుతుందో అక్కడ పెట్టించండి. కరెంటు పోతే నడిచే జనరేటరు లేని కూలరు పెద్ద క్యాను మాత్రమే.

7. అడ్డదారులు వద్దు. పులుపు కప్పిపుచ్చడానికి సోడా, నిలవ కోసం ఇతర రసాయనాలు కలపడం చట్టరీత్యా నేరం, తాగేవారికి హాని. కాలం తగ్గించడం ఒక్కటే సక్రమమైన మందు.

8. తిరస్కరించిన రోజున. సభ్యునిపై నింద వేయడానికి ముందు ఆ రోజు కాలపు చీటీ చూడండి. ఆ పూట రూటు మొత్తం విరిగితే తప్పు బండిది. ఒకే సభ్యుని పాలు విరిగితే అప్పుడు పాత్రను, పొదుగును పరీక్షించండి.

అభ్యాసం

కార్యదర్శులు ఈ లెక్క చేసి వచ్చే పాలకవర్గ సమావేశంలో చదవండి.

ఒక సంఘంలో 5-00కు పితుకుడు మొదలు. కొలతకు 60 నిమిషాలు. బండి కోసం 35. దారిలో నాలుగు చోట్ల పదేసి నిమిషాలు ఆగుతుంది. చక్రం తిరిగే కాలం 45. డాక్ వద్ద 30. (అ) పాలు ఎన్ని గంటలకు చల్లబడతాయి? (ఆ) క్యాను నిలబడిన కాలం ఎంత? (ఇ) మూడు గంటల లోపు తేవడానికి ఏ రెండు చోట్ల తగ్గిస్తారు?

జవాబు: (అ) 8-30. మొత్తం 210 నిమిషాలు. (ఆ) 105 నిమిషాలు. (ఇ) ఇది మీ ఊరిని బట్టి ఉంటుంది. మీ సభ్యులతో కూర్చొని తేల్చుకోండి.

ఆ యువ సభ్యుని ప్రశ్నకు నా జవాబు ఇది. విమానం గంటలో పోతుంది గాని మనిషి గంటలో పోడు. బండి ముప్పావు గంటలో పోతుంది గాని పాలు ముప్పావు గంటలో పోవు. మధ్యలో నిలబడిన కాలం మన చేతిలో ఉన్నది. దానిని తగ్గించడానికి డబ్బు అక్కరలేదు, ఒక గడియారం, ఒక కాగితం, దూరపువాని కోసం కాస్త ముందు లేచే మనసు ఉంటే చాలు.